ఒకే పువ్వుకు రెండు ధరలు

చెకింగమ్మ పోయిందన్న కబురు మాకు గోదాంలో భోజనాల వేళ అందింది. ఆమె కూతురు తన భాషలో రాసి, ఫోన్‌లోనే ఇంగ్లీషులోకి మార్చి పంపిన నాలుగు వాక్యాలు. రాజవ్వ ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. "మా అమ్మ మంగళవారం పొద్దున చనిపోయింది. బాధ పడలేదు. షార్జాలో ఉన్న చెల్లెళ్లకు చెప్పమని ముందే చెప్పి పెట్టింది. మీరు అన్నం తిన్నాక ఇది చదవండి." ఆ చివరి మాట చదివేసరికి ముద్ద ఆమె కుడి చేతిలోనే ఉంది. దాన్ని మెల్లగా డబ్బాలో పెట్టేసింది. మేమెవరమూ ఆ పూట తినలేదు.

ఆమె మన మనిషి కాదు. వియత్నాం దేశంలో ఉత్తరాన, చైనా సరిహద్దుకు దగ్గరగా ఉండే కొండల నుంచి వచ్చింది. మేము పనిచేసేది షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మసాలా దినుసుల గోదాంలో. మిరియాలు, దాల్చినచెక్క, అనాస పువ్వు గోనె సంచుల్లో వస్తాయి. వాటిని జల్లించి, ఏరి, అట్టపెట్టెల్లో కట్టి పంపుతాం. ఏరేవాళ్లం ఎనిమిది మంది ఆడవాళ్లం. మేము ఏరింది సరిగా ఉందో లేదో చూసి చీటీ మీద సంతకం పెట్టేది ఆమె. అందుకని రాజవ్వ ఆమెకు చెకింగమ్మ అని పేరు పెట్టింది. అసలు పేరు మాకు తెలియక కాదు, పేరుతో పిలిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నాది ఆర్మూరు దగ్గర ఒక పల్లె. పదో తరగతి పాసయ్యాను. మా ఆయన ఇక్కడే సైటులో పడి నడుం దెబ్బతిని ఇంటికి చేరాక, ఆయన బదులు నేను వచ్చాను. రాజవ్వది జగిత్యాల వైపు, నాకంటే పదేళ్లు చిన్నది. మాకూ చెకింగమ్మకూ మధ్య నడిచింది గోదాం హిందీ. అందులో కాలాలు ఉండవు, నిన్నా రేపూ ఒకలాగే వినిపిస్తాయి. ఆమె మాటల్ని ఇక్కడ నా తెలుగులోనే రాస్తున్నాను. "చెల్లి" అన్న మాట మాత్రం ఆమె మా దగ్గర నేర్చుకుని మా భాషలోనే అనేది.

ఆమె సంగతులు నాకు తెలిసింది కరోనా వచ్చిన ఏడాది, 2020లో. గోదాం మూతపడింది. ఒక గదికి ఆరుగురం, ఆమెదీ మా గదే, బయటికి పోవడానికి లేదు. మధ్యాహ్నం గేటు దగ్గర అన్నం పొట్లాలు ఇచ్చేవారు. నేల మీద సున్నంతో గుండ్రాలు గీసి, ఒక్కొక్కరు ఒక్కొక్క గుండ్రంలో నిలబడాలన్నారు. ఎండ మండిపోతుంటే ఆమె తన చెప్పులు విప్పి గుండ్రంలో పెట్టి, గోడ నీడకు పోయి కూర్చుంది. రాజవ్వకు ఒళ్లు మండింది.

"గా చెప్పులకు అన్నం వెట్టుమను, తింటయేమో!" అంది నాతో.

ఏమందని ఆమె అడిగితే నేను మెత్తగా మార్చి చెప్పాను. ఆమె నవ్వలేదు. వాళ్ల దేశంలో తన చిన్నప్పుడు బియ్యం, గుడ్డ, కిరసనాయిలు అన్నీ కూపన్ల మీదే ఇచ్చేవారట. తెల్లారకముందే జనం సర్కారు దుకాణం ముందు వరస కట్టేవారు. నిలబడలేనివాళ్లు ఇటుక మీద పేరు రాసి వరసలో పెట్టి పోయేవారు. ఎవరూ ఆ ఇటుకను జరిపేవారు కాదు. "ఇటుకకు ఉన్న మర్యాద మనిషికి లేదు. దుకాణంలో కూర్చున్న పిల్ల ఎవరినైనా తిట్టవచ్చు. ఆమె మూసేస్తే మూసినట్టే. నేనూ తర్వాత అలాంటి కుర్చీలోనే కూర్చున్నాను" అంది. మర్నాటి నుంచి రాజవ్వ కూడా చెప్పులు గుండ్రంలో పెట్టి నీడకు చేరింది.

ఆమె కూర్చున్న కుర్చీ దుకాణంలో కాదు, కొనుగోలు కేంద్రంలో. వాళ్ల కొండల నిండా అనాస పువ్వు చెట్లే. ఆ రోజుల్లో ఆ పువ్వును సర్కారు తప్ప ఇంకెవరూ కొనకూడదు. ధర పైనుంచి వస్తుంది. రైతు పంట తెచ్చి ఆమె కాంటా మీద పెట్టాలి, ఆమె రాసిందే బరువు. మా పసుపు రైతు నిజామాబాద్ మార్కెట్లో ఒక అడితి దుకాణం కాదంటే ఇంకో అడితికి పోతాడు. అక్కడ ఇంకోటి లేదు. "అందుకే మంచి పువ్వు ఎప్పుడూ నా కాంటాకు రాలేదు. తడి పువ్వు, తొడిమలు, అడుగున ఇసుక. నేను అరిచేదాన్ని. వాళ్లు తల వంచుకునేవారు. మర్నాడు మళ్లీ ఇసుకే" అని చెప్పేది.

కరోనా ఏడాది ఆ గదిలో నేను పొద్దున్నే హనుమాన్ చాలీసా చదువుకునేదాన్ని. మంగళవారం పదకొండు సార్లు. ఒక రోజు ఆమె మంచం మీద కూర్చుని లెక్కపెట్టింది.

"పదకొండు ఎందుకు చెల్లి? నీ దేవుడు కోటా పెట్టాడా?"

"కోటా కాదు, మొక్కు."

"పన్నెండోది చదివితే? అది ఎక్స్‌ట్రానా?"

నాకు కోపం రావాలి గానీ నవ్వు వచ్చింది. తనకు దేవుడు లేడని, ఉన్నది పార్టీ అని, అది కూడా ఇప్పుడు దూరమని చెప్పింది. కానీ వాళ్ల అమ్మానాన్నల ఫోటో ముందు అగరుబత్తి వెలిగించకుండా ఎప్పుడూ పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు. నా దగ్గర బత్తీలు అయిపోతే ఆమె దగ్గరే తీసుకునేదాన్ని.

ఆమె కొనుగోలు కేంద్రంలో చేరిన కొన్నేళ్లకు వాళ్ల దేశంలో మార్పు వచ్చింది. దోయ్ మోయ్ అంటారట, అంటే కొత్తగా మార్చుకోవడం. సర్కారు పేరు మారలేదు, జెండా మారలేదు, గోడ మీద నాయకుడి పటం మారలేదు. అదే పార్టీ. కానీ పైనుంచి ఒక కాగితం వచ్చింది. రైతు ఇంత పంట సర్కారుకు సర్కారు ధరకు ఇవ్వాలి, మిగిలింది ఎవరికైనా, ఎంతకైనా అమ్ముకోవచ్చు అని. ఆ ఏడాదే మోటారుసైకిళ్ల మీద ప్రైవేటు బేరగాళ్లు కొండ ఎక్కారు. ఆమె కేంద్రం ముందు గడ్డి మొలిచింది. అప్పుడు ఇంకో కాగితం వచ్చింది. కేంద్రం ఇకమీదట కంపెనీ, దాని తిండి అది సంపాదించుకోవాలి, రైతులతో మర్యాదగా మాట్లాడాలి, కూర్చోబెట్టి టీ ఇవ్వాలి అని.

"టీ ఇవ్వాలని సర్కారు రాసిందా?" అని రాజవ్వ నమ్మలేదు.

"రాసింది. కప్పులు కూడా పంపింది. నిన్నటిదాకా నేను తిట్టిన మనిషికి ఇవాళ టీ పోయాలి. ఆయన కప్పు ముట్టలేదు. తాగితే ఏమవుతుందో అని."

అది అలవాటై ఆమెతోనే ఉండిపోయింది. ఇక్కడ గోదాంలో కూడా ఎవరి బుట్ట చూసేముందైనా, ఫ్లాస్కులోంచి చిట్టి కప్పులో చక్కెర లేని టీ పోసి ఇచ్చేది. మేము తాగుతుండగా బుట్టలో చెయ్యి పెట్టి కదిపేది. పువ్వుల చప్పుడును బట్టే విరిగినవెన్నో చెప్పేది. బుట్ట తిప్పి పంపాలన్నా టీ ఇచ్చాకే.

గోదాం మళ్లీ తెరిచాక, ఆ మరుసటి ఏడాది ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగాయి. అంతకుముందు మా అందరికీ ఒకటే జీతం. నిజం చెప్పాలంటే ఎవరి చెయ్యీ తొందరపడేది కాదు. ఎక్కువ ఏరితే ఎక్కువ వచ్చేది లేదు, తక్కువ ఏరితే పోయేదీ లేదు. మా ముదీర్, అంటే మేనేజరు, కాకినాడ వైపు మనిషి, నలభై లోపే ఉంటుంది, చెడ్డవాడు కాదు. ఆయన ఒక కొత్త పద్ధతి పెట్టాడు. పొద్దున ఏడింటి నుంచి మూడింటి దాకా ఒక్కొక్కరు ఇన్ని కిలోలు ఏరాలి, అది జీతంలో భాగం. మూడు దాటాక ఏరినదానికి వేరే కూలి. అందులోనూ ఎనిమిది రేకలూ విడవని నిండు పువ్వుకు ఇంకా ఎక్కువ. పొద్దుటి సరుకు కాంటా చూస్తే చాలు, నేరుగా పెట్టెల్లోకి పోతుంది. చెకింగ్ మూడు దాటిన సరుకుకే, ఎందుకంటే డబ్బు ఎక్కువ ఇచ్చేది దానికే కదా.

చెకింగమ్మ ఆ నోటీసును రెండుసార్లు చదివించుకుంది. "మా సర్కారు చేసినట్టే చేశాడు. మంచిదే" అంది. ఒక్క నిమిషం ఆగి, "చెల్లి, ఇక బల్లల పైన కాదు, కింద చూసుకోవాలి" అంది.

ఆ మాట నన్ను ఉద్దేశించి అనలేదు, అప్పటికి నేనింకా ఏమీ చేయలేదు. కానీ వారం తిరక్కుండానే చేశాను. ఇది ఒప్పుకోవడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానేమో అని కూడా అనిపిస్తోంది. సంచి విప్పగానే నిండు పువ్వులు బల్ల కింద ఒక బుట్టలోకి, విరిగినవి, రేకలు రాలినవి కాంటా మీదికి. మూడు దాటగానే కింది బుట్ట పైకి. ఎక్కడికీ ఎత్తుకుపోలేదు, గోదాం సరుకు గోదాంలోనే ఉంది, వేళ మార్చానంతే అని మా హనుమంతుడికి, అదే అంజన్నకు కూడా చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు కాబట్టి సరేనన్నాడనుకున్నాను.

మూడో రోజే రాజవ్వ కనిపెట్టింది. "అక్కా, బల్ల కిందేందే గోనె కప్పినవ్? కోడి పొదుగుతున్నదా?"

"మెల్లగ మాట్లాడు."

"నువ్వేనా అక్కా? నీ అంజన్న చూస్తలేడా?"

"పిల్లల ఫీజులు కట్టాల్నా వద్దా నీకు?" అన్నాను. ఆమె ఇద్దరు బిడ్డలు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుతున్నారు, ఆమె పంపేదే ఆధారం. ఆ మాట అంటే ఆమె నోరు మూతపడుతుందని తెలిసే అన్నాను. నెల తిరిగేసరికి ఎనిమిది బల్లల కిందా బుట్టలున్నాయి.

ఒక గురువారం మా పెట్టెలు తిరిగి వచ్చాయి. కొన్నవాళ్లు విప్పి చూస్తే మొదటి రకం అని రాసిన పెట్టెల నిండా విరిగిన రేకలే. ఓనరు ముదీర్‌కు ఫోన్ మీద ఫోన్. ముదీర్ మొహం ఎర్రబడి గోదాంలోకి వచ్చి మొదటి వరసలో ఉన్న బల్ల కింద చెయ్యి పెట్టాడు. అది రాజవ్వది. మూడు బుట్టలు బయటికి వచ్చాయి.

"ఏంటమ్మా ఇది? ఎవరి పెళ్లికి దాచావు?"

నా బల్ల రెండో వరసలో ఉంది. ఆ రోజు నా బుట్ట సగమే నిండింది, అప్పుడే కాలితో వెనక్కి తోసేశాను. ముదీర్ ఇంక ఏ బల్ల కిందా చూడలేదు. ఆయనకు కావలసింది దొరికింది.

"సామాను సర్దుకో. వీసా క్యాన్సిల్. ఖలాస్" అన్నాడు.

మా గోదాంలో ఎవరి తప్పు మీద రాసిన కాగితమైనా చెకింగ్ సంతకం లేకుండా ఓనరు ఆఫీసుకు పోదు. ముదీర్ కాగితం రాసుకుని, గాజు గోడల తన గదిలోకి చెకింగమ్మను పిలిచాడు. రాజవ్వను తలుపు బయట నిలబెట్టాడు. తలుపు సగం తెరిచే ఉంది, మా అందరికీ వినబడుతోంది. గోదాంలో ఏరే చప్పుడు ఆగిపోయింది.

చెకింగమ్మకు అప్పటికి అరవై నిండాయి. ఆమె వీసా మరుసటి నెలలో ముగుస్తుంది. ఆ వయసులో మళ్లీ వేయాలంటే ముదీర్ రాసి ఇవ్వాలి. ఇంకో రెండేళ్లు ఉండి, కొండ మీద ఇంటికి పైకప్పు మార్చుకుని పోతానని మాతో అనేది. ఆ సంగతి ముదీర్‌కు తెలుసు, మాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆమె లోపలికి పోతూ ఫ్లాస్కు తీసుకుపోయింది.

"మేడమ్, ముందు సంతకం. టీ తర్వాత" అన్నాడు ముదీర్.

"టీ ముందు. చల్లారితే నువ్వు తాగవు. సంతకం చల్లారదు."

ఆయన విసుక్కుంటూనే తాగాడు. ఆమె కాగితం చదివింది, మూడు వాక్యాలే ఉన్నా చాలాసేపు చదివింది. చదవడం అయ్యాక బయటికి వచ్చి, రాజవ్వ కాంటాకు ఇచ్చిన సరుకులోంచి ఒక గుప్పెడు, బల్ల కింద దొరికిన బుట్టలోంచి ఒక గుప్పెడు తీసుకుపోయి ఆయన బల్ల మీద పోసింది.

"ఈ రెండూ ఏ చెట్టువి?"

"నాకేం తెలుసండీ? ఒకే సంచిలోవి."

"ఒకే సంచి. పొద్దున ఒక ధర, మూడింటికి ఇంకో ధర పెట్టింది ఎవరు?"

"నేనే పెట్టాను. పెట్టకముందు వీళ్లు ఎంత ఏరేవాళ్లో మీరే చెప్పండి. టీ తాగడం, కబుర్లు చెప్పుకోవడం. మళ్లీ ఆ పాత పద్ధతే కావాలా మీకు?"

"వద్దు. నువ్వు మార్చింది మంచిదే. కానీ సగమే మార్చావు. మా సర్కారు కూడా మొదట సగమే మార్చింది. ఒకే పువ్వుకు రెండు ధరలు ఉన్నంతకాలం మంచి పువ్వు ఎక్కువ ధర వైపే పోతుంది. నువ్వు అడ్డం నిలబడితే నీ కాళ్ల సందులోంచి పోతుంది. పొద్దుటి నుంచీ ఒకటే ధర పెట్టు. నిండు పువ్వుకు ఇంత, విరిగినదానికి ఇంత. అంతా చెకింగ్‌కు రావాలి. మా సర్కారుకు ఇది తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. దాని చేతిలో ఒక దేశం ఉంది. నీ చేతిలో ఎనిమిది బల్లలు. ఈ పూట చాలు నీకు."

ముదీర్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. నుదురు రుద్దుకున్నాడు. "సరే. శనివారం నుంచి అలాగే చేద్దాం. రూలు మారుస్తాను. కానీ జరిగినదానికి ఓనరు ఒక పేరు అడుగుతున్నాడు మేడమ్. పేరు లేకుండా పంపితే నా పేరే రాసుకుంటాడు. నాకూ పిల్లలున్నారు. సంతకం పెట్టండి."

అప్పుడు ఆమె చెప్పిన సంగతి అంతకుముందు మాకెవరికీ చెప్పలేదు. నిలబడే చెప్పింది, గొంతు పెంచకుండా.

మార్పు రాకముందు, వాళ్ల కొండ మీద ఒకాయన తన పువ్వు కొంత దాచుకున్నాడు. పందుల కొట్టం అటక మీద నాలుగు సంచులు. సోదాకు పోయినవాళ్లలో ఆమె ఉంది. కాంటా వేసింది ఆమె, కాగితం రాసి సంతకం పెట్టింది ఆమె. సంచులు తీసుకుపోయారు. ఆయన పేరు ఊరి మైకులో మూడు రోజులు చదివారు, చదివిందీ ఆమే. ఆయన పిల్లలను బడిలో దొంగ పిల్లలన్నారు. కొన్నేళ్లకు కొత్త కాగితం వచ్చింది. మిగిలిన పంట ఎవరికైనా అమ్ముకోవచ్చని. ఆయన బాగా పండించాడు, బాగా అమ్మాడు. సర్కారు ఆయన్ని మంచి రైతు అని పిలిచి ప్రశంసాపత్రం ఇచ్చింది. అదే మైకులో ఆ పేరు మళ్లీ చదవమన్నారు ఆమెను. చదివింది. ఆయన వచ్చి పత్రం అందుకుని, ఆమె వైపు తిరిగి మెల్లగా అడిగాడట, "సంచులు కూడా ఇస్తారా?" అని.

"ఏం చెప్పారు?" అన్నాడు ముదీర్.

"తర్వాతి పేరు చదివాను."

ఆమె కాగితం మీద రాజవ్వ పేరు దగ్గర వేలు పెట్టింది.

"సర్కారు ఎప్పుడూ తప్పయిందని చెప్పదు. కొత్త కాగితం పంపుతుంది. పాత కాగితం మీద సంతకం పెట్టిన మనిషి మాత్రం మిగిలిపోతుంది. నువ్వు శనివారం రూలు మారుస్తావు. ఆదివారం ఈమె ఏ తప్పుకు పోయిందని నన్నెవరైనా అడిగితే నేనేం చదవాలి?"

రాజవ్వకు హిందీ సగమే అర్థమైంది. కానీ ఏదో తన గురించే తేలుతోందని తెలిసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచాను. ఆ పని మొదట చేసింది నేనని చెప్పాలని లేచాను. నా బల్ల నుంచి ఆ గదికి ఇరవై అడుగులు కూడా ఉండదు. చాలీసాలో ఒక చరణం నోట్లో తిరుగుతోంది గానీ దాని తర్వాతి చరణం గుర్తు రావడం లేదు. తలుపు దాకా పోయాను. గాజులోంచి ఆమె నన్ను చూసింది. అరచేయి కొంచెం పైకెత్తి, కిందికి దించింది. కూర్చో అన్నట్టు. నేను ఆగిపోయాను. ఆ చెయ్యి లేవకపోయి ఉంటే తలుపు తోసి లోపలికి పోయేదాన్నేనా? ఇప్పటికీ నాకు తెలియదు. చెయ్యి లేచినప్పుడు నా గుండె తేలికపడింది, అది మాత్రం తెలుసు.

ఆమె కలం తీసుకుంది. రాజవ్వ పేరు మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన తన పేరు రాసింది. కింద సంతకం పెట్టింది.

"మేడమ్, మీ వీసా..." అని ముదీర్ ఏదో అనబోయాడు.

"నీకు పేరు కావాలన్నావు. ఇది కూడా పేరే. స్పెల్లింగు సరిగా రాశాను, చూసుకో."

శనివారం కొత్త నోటీసు వచ్చింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటే ధర, అంతా చెకింగ్‌కు రావాలి. బల్లల కింద ఊడ్చేశారు. ముదీర్ మాట నిలబెట్టుకున్నాడు, ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. చెకింగమ్మ వీసా విషయంలో కూడా ఆయన ఓనరుతో రెండుసార్లు మాట్లాడాడని తర్వాత తెలిసింది. తప్పు తనదని రాసుకున్న అరవై ఏళ్ల మనిషిని ఎందుకు ఉంచుకోవాలని ఓనరు అడిగాడట. వీసా మళ్లీ వేయలేదు.

ఆ వారంలోనే నేను చేతులు కడిగే చోట ఆమెను పట్టుకున్నాను. "మొదట బుట్ట పెట్టింది నేను" అని చెప్పాను.

"తెలుసు. మొదటి రోజే చూశాను. గోనె మడత చాలా శుభ్రంగా ఉంది. రాజవ్వ అలా మడవదు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే కాగితం మీద ఒక పేరు అయ్యేది."

"ఆ రోజు నన్నెందుకు ఆపినవ్? నేను పోవాల్సింది గదా" అన్నాను. ఏడుపులో నాకు తెలుగే వచ్చింది. ఆమెకు అర్థమైంది.

"నువ్వు లోపలికి వస్తే నీ పేరూ రాసుకునేవాడు. రాజవ్వ పేరూ ఉంచేవాడు. నాకు తెలుసు వాళ్లు ఎలా రాస్తారో, నేను రాసినదాన్నే కదా." కుళాయి కట్టేసి, చేతులు గుడ్డకు తుడుచుకుంది. "ఆ మనిషికి తిరిగి ఇవ్వడానికి నా దగ్గర సంచులు లేవు చెల్లి. సంతకం ఒకటే ఉంది. అది కూడా వేరేవాళ్ల దగ్గర ఖర్చయింది. ఇక ఏడవకు, మొహం కడుక్కో, ఏరిన సరుకు మీద నీళ్లు పడకూడదు."

ఆమెను ఎవరైనా త్యాగమూర్తి అంటే ఆమెకు నచ్చేది కాదు, కాబట్టి నేనూ అనను. ఆమెకు కోపం ఎక్కువ. ఆకలితో ఉన్నప్పుడు ఎవరితోనూ మాట్లాడేది కాదు. మార్పు వచ్చాక వాళ్ల ఊళ్లో అందరికీ కడుపు నిండిందని, కూపన్ల రోజులు మళ్లీ రావాలనేవాడు ఆ ఇటుక పక్కన ఒక్క పొద్దు నిలబడి చూడాలని గట్టిగా అనేది. అలాగని మార్పు తెచ్చినవాళ్లను పొగిడేదీ కాదు. కేంద్రంలో పార్టీ కార్యదర్శిగా ఉన్న మనిషే అదే బల్ల దగ్గర డైరెక్టరు అయ్యాడని, కుర్చీకి కొత్త దిండు వేయించుకోవడం ఒక్కటే ఆయన చేసిన మార్పు అని చెప్పి నవ్వేది. ఆమె నవ్వితే పై పన్ను ఒకటి బంగారంది మెరిసేది.

కబురు వచ్చిన ఆ మధ్యాహ్నమే నేను రాజవ్వకు ఉన్నదంతా చెప్పాను. ఒప్పుకోవడానికని లేచి, తలుపు దాకా వచ్చి ఆగిపోయి, తేలికపడిన సంగతి కూడా. ఇన్నేళ్లూ ఆమె, నేను తన కోసం బతిమాలడానికి లేచాననుకుందట. డబ్బా మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"గప్పుడే చెప్తే మంచిగ తిట్టి మర్చిపోదును గదక్కా" అంది. "ఇప్పుడు తిట్టబుద్ధి గూడ అయితలేదు."

సాయంత్రం గదిలో దీపం పెట్టాను. ఏ దేవుడికి చెప్పాలో తెలియక మా దేవుడికే చెప్పాను. రాజవ్వ వచ్చి నా పక్కనే కూర్చుంది, కానీ మాట్లాడలేదు. మాట్లాడుతుందనే నమ్మకం ఉంది.

ఆమె చివరి రోజు మాత్రం చెప్పి ముగిస్తాను. మధ్యాహ్నం విమానం. కంపెనీ వ్యాను పదింటికే వచ్చి గోదాం షట్టరు ముందు ఆగింది. పెట్టె లోపల పెట్టేశారు. మేమంతా లేచి నిలబడ్డాం, ఎవరి కళ్లూ బాగా లేవు. చెకింగ్‌కు వేసుకునే తెల్ల కోటు ఆమె ఇంకా విప్పలేదు. ఒక్కొక్క బల్ల దగ్గరికీ వచ్చి ఆ పొద్దుటి బుట్టలు చూస్తోంది. నా బుట్టలో చెయ్యి పెట్టి కదిపింది, ఆగింది, మళ్లీ కదిపింది. వేళ్లతో వెతికి మూడు విరిగిన పువ్వులు తీసి నా ముందు పెట్టింది. బుట్ట నా వైపు తోసింది.

బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. "యల్లా, యల్లా" అని అరుస్తున్నాడు. ఆమె వినిపించుకోలేదు. నేను కూర్చుని మొత్తం బుట్టను మళ్లీ ఏరాను. కళ్లలో నీళ్లు తిరిగితే మోచేత్తో తుడుచుకుంటూ, ఒక్కొక్క పువ్వూ తిప్పి చూస్తూ ఏరాను. ఆమె నిలబడే ఉంది. పూర్తయ్యాక మళ్లీ చెయ్యి పెట్టి కదిపింది. తల ఊపి, చీటీ మీద సంతకం పెట్టి, కలం జేబులో పెట్టుకుంది. అప్పుడు కోటు విప్పి నా బల్ల మీద మడిచి పెట్టి, ఎండ వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటి దగ్గరి చలికని లోపల వేసుకున్న స్వెట్టరు చేతికి అంటుకున్న ఎర్రటి రేకల ముక్కలను ఒక్కొక్కటే ఏరుకుంటూ, వాటిని నేల మీద పారేయకుండా ఎడమ గుప్పిట్లో పట్టుకుని, అలాగే వ్యాను ఎక్కింది.